కోసి చూడని డాలర్లు

పలాసలో మా బావమరిదికి జీడిపప్పు షెడ్డు ఉంది. పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, ఒక బాయిలరు, పిక్కలు కొట్టే యంత్రాలు పాతిక, వాటి ముందు కూర్చునే ఆడవాళ్లు పాతికమంది, పప్పు మీది పొర తీసి రకాలుగా ఏరేవాళ్లు మరో పదిహేనుమంది. మా మామగారు ఒక ఇనుప పెనంతో, నలుగురు కూలీలతో మొదలుపెట్టిన పని అది. ఆయన పోయాక దాన్ని నిలబెట్టడం తప్ప మా బావమరిదికి వేరే ధ్యాస లేదు. ఆ షెడ్డు పద్నాలుగు నెలలు మూతపడింది. డాలర్లలో దెబ్బతిని మూతపడిందని బంధువులందరికీ తెలుసు. ఆ డాలర్లు కొనిపించింది నేనని కూడా తెలుసు. వాళ్లకు తెలియనిది ఇంకొకటి ఉంది. దాన్ని ఏడాదికి పైగా నాలోనే దాచుకున్నాను.

మా ఇద్దరికీ మొదటినుంచీ పడేది కాదు. నేను నరసన్నపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. అతను పదో తరగతి తప్పి షెడ్డులో కూర్చున్నవాడు. నా జీతం ఎంతో అత్తవారింట్లో అందరికీ తెలుసు. అతని ఆదాయం ఎంతో బహుశా అతనికే తెలియదు. భోజనాల దగ్గర నా విస్తట్లో గుప్పెడు గుండు జీడిపప్పు వేసి, "తిను బావ. మీ పేటలో ఇలాటివి దొరకవు, అన్నీ బద్దలే" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వుతూనే తినేవాణ్ణి. ఇంటికొచ్చి మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి. డబ్బు గురించి పాఠాలు చెప్పే నేను స్కూటర్లో పెట్రోలు ఎంత మిగిలిందో చూసుకుని బయల్దేరుతుంటే, చదువులేనివాడి చేతిలో అంత డబ్బు ఆడటం నాకు అన్యాయంగా తోచేది. అసూయ అన్న మాట అప్పట్లో నేను వాడలేదు. ఆత్మగౌరవం అనుకునేవాణ్ణి.

అతనిలో ఒక గుణాన్ని మాత్రం కాదనలేను. ఎవరి మాటా నమ్మి సరుకు కొనడు. లారీ వచ్చి గేటు ముందు ఆగితే, అక్కడో బస్తా ఇక్కడో బస్తా విప్పించి గుప్పెడేసి పిక్కలు తీయించి, అన్నీ కలిపి, అందులోంచి కిలో తూచి, చెక్కపీట మీద కూర్చుని ఒక్కో పిక్కనీ తనే నిలువునా కోస్తాడు. మంచి పప్పు ఒక పక్క, మచ్చపడింది ఒక పక్క, పుచ్చిందీ ముడుచుకుపోయిందీ మరో పక్క. తర్వాత మంచి పప్పును తూచి, బస్తాకి ఎంత దిగుతుందో చెబుతాడు. దాన్ని కటింగు అంటాడు. అమ్మేవాడు ఎవరైనా సరే, కటింగు లేకుండా బేరం లేదు. ఒకసారి సొంత మేనమామ సరుకు తెచ్చి, నా మీద నమ్మకం లేదా అని అలిగితే, "నీ మీద ఉన్నాది మావ. పిక్క మీద నేదు" అన్నాడట. పిక్క తొక్కులోంచి కారే జీడి రసానికి అతని వేళ్లు ఎప్పుడూ నల్లగా, పొరలు లేచి ఉండేవి. పంక్తిలో పక్కన కూర్చున్నప్పుడు ఆ వేళ్లు చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. అది కూడా ఒప్పుకోవాలి.

కరోనా తగ్గిన తర్వాత నేను షేర్లు కొనడం మొదలుపెట్టాను. పడినప్పుడు కొన్నాను. కొన్నది ఇంకా పడితే ఇంకొంచెం కొన్నాను. ఓపిక పట్టాను. లేచాయి. దాదాపు అన్నీ లేచాయి. ఆ రోజుల్లో ఎవరు ఏది కొన్నా లేచేదన్న సంగతి నాకు తట్టలేదు. స్టాఫ్‌రూమ్‌లో నా కుర్చీ చుట్టూ జనం చేరేవారు. తెలుగు మాస్టారు, తొందరగా రిటైరవ్వాలనుకుంటున్న ప్రిన్సిపాలు, చివరికి ఆఫీసు గుమస్తా కూడా తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నేను రెండు పాఠాలు నేర్చుకున్నాననుకున్నాను. పెరిగేది పెరుగుతూనే ఉంటుంది; పడింది, కాస్త ఆగితే, మళ్లీ లేస్తుంది. ఫోనులో గీత చూస్తే చాలు, దాని కింద ఉన్నది కంపెనీయా, బంగారమా, డాలరా అన్నది అనవసరం, గీత గీతే అని పిల్లలకు క్లాసులో కూడా చెప్పాను. వాళ్లు రాసుకున్నారు.

ఆ ఏడు మా బావమరిది మొదటిసారిగా ఆఫ్రికా పిక్కలు నేరుగా తెప్పించుకోవడానికి ఒప్పందం చేసుకున్నాడు. అంతకుముందు విశాఖలో ఓడ దించుకునే పెద్ద వ్యాపారుల దగ్గర రూపాయల్లో కొనేవాడు. ఇప్పుడు అయిదు కంటెయినర్లు, విడతలుగా వస్తాయి. ఒక్కోటి ఓడ ఎక్కినప్పుడల్లా డాలర్లలో కట్టాలి. సంతకం పెట్టి రెండు వారాలైనా కాకుండానే ఎక్కడో యుద్ధం వస్తుందన్న వార్తలు మొదలయ్యాయి. షేర్లు పడ్డాయి. డాలరు రోజుకింత చొప్పున ఎక్కడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అతను మా ఇంటికి వచ్చాడు. మా పెళ్లయిన పదిహేడేళ్లలో అతను నన్ను ఒక సంగతి అడగడానికి రావడం అదే మొదలు.

బ్యాంకు మేనేజరు ఏ కంటెయినరుకు ఆ కంటెయినరు చొప్పున డాలరు రేటు ముందుగా ఖాయం చేసుకోమన్నాడట. హడావిడి పడొద్దన్నాడట. ఆ మేనేజరుకు ఏమీ తెలియదని నేను తేల్చేశాను. ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటలు పాఠం చెప్పాను. రూపాయి పాత గీతంతా చూపించి, ఇది ఎప్పుడైనా వెనక్కి తిరిగిందా అని అడిగాను. మా ఆవిడ రెండుసార్లు టీ పెట్టింది. అతను బుద్ధిగా విన్నాడు. అతను అలా వినడం నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆ పాఠం అయిపోకూడదనిపించింది. చివరికి ఒక ప్రశ్న వేశాడు.

"షేరు పెరిగిందంటే కంపెనీకి లాభం వచ్చినట్టు కదా బావ. డాలరు పెరిగితే ఏటి పెరిగినట్టు?"

నేను నవ్వాను. "ఒరే, నువ్వు పిక్కలు కోసుకో. ఇది నీకు అర్థమయ్యేది కాదు" అన్నాను.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇరవయ్యేళ్లుగా కామర్స్ చెబుతున్నవాడి దగ్గర లేదు. నవ్వు ఉంది, దాన్ని వాడాను.

ఇవాళైతే చెప్పగలను. షేరు వెనక ఒక పని ఉంటుంది. ఎక్కడో ఎవరో సబ్బులు చేస్తుంటారు, సిమెంటు కాలుస్తుంటారు, మిగిలిన లాభంలో కొంత మళ్లీ అందులోనే పెడుతుంటారు. కొన్ని కంపెనీలు మునుగుతాయి. అయినా మొత్తం మీద ఆ గీత మెల్లగా పైకి పాకుతుంది, భయం పుట్టినప్పుడు ఒక్కసారిగా కిందపడుతుంది, మళ్లీ మెల్లగా పాకుతుంది. ఓపిక ఉన్నవాడికి కాలం కలిసివస్తుంది. డాలరు రేటు అలాంటిది కాదు. అది రెండు దేశాల డబ్బుల మధ్య తూకం. ఒక పళ్లెం లేచిందంటే రెండోది దిగిందనే అర్థం. అక్కడ ఎవరూ సబ్బులు చేయడం లేదు. మన రూపాయి విషయంలో ఆ గీత షేర్ల గీతను తిరగేసినట్టుంటుంది. నెలల తరబడి పెద్దగా కదలదు. భయం పుట్టినప్పుడు ఎగురుతుంది. అప్పుడు దేశపు పెద్ద బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు అమ్మి దాన్ని పట్టి ఆపుతుంది. కాస్త దిగుతుంది, మళ్లీ నెలల తరబడి అక్కడక్కడే తిరుగుతుంది. షేర్లలో భయం పడిపోవడంగా కనిపిస్తుంది, డాలర్లో పెరగడంగా కనిపిస్తుంది. నేను చూసిన పెరుగుదల బలం కాదు, జ్వరం. జ్వరం ఎంత ఎక్కువైతే మనిషి అంత ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పే వైద్యుడిలా ఉంది నా తెలివి.

ఇంకొకటి కూడా ఉంది. రాబోయే నెలల డాలరును ఇవాళ కొంటే ఇవాళ్టి రేటుకు ఇవ్వరు. నెలకు కొన్ని పైసలు చొప్పున కలిపి ఎక్కువకు ఇస్తారు. రూపాయి మెల్లమెల్లగా తగ్గుతుందన్నది నేనొక్కణ్ణే కనిపెట్టిన రహస్యం కాదు. అమ్మేవాడు దాన్ని ముందే ధరలో కలిపి కూర్చుంటాడు. ఆ నెల అయిపోయి ఇంకో నెలకు పొడిగిస్తే మళ్లీ కలుపుతాడు. డాలరు ఉన్నచోటే ఉన్నా, పట్టుకుని కూర్చున్నవాడికి నెలనెలా కొంత కరిగిపోతుంది. షేరు పట్టుకుని ఆగినవాడికి కాలం ఇస్తుంది, డాలరు పట్టుకుని ఆగినవాడి దగ్గర తీసుకుంటుంది. ఇదంతా పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం నా బీరువాలో ఉంది.

అయిదు కంటెయినర్లకు సరిపడా డాలర్లు కొనిపించి ఊరుకున్నా సరిపోయేది. డాలరు తగ్గితే ఆ మేరకు పిక్కలు చవకగా వచ్చి ఆ నష్టం పూడిపోయేది. నేను బ్యాంకును వదిలి నా షేర్ల బ్రోకరు దగ్గర, మొత్తం ధర కాకుండా కొంత పూచీ సొమ్ము మాత్రం కట్టించి, ఇరవై కంటెయినర్లకు సరిపడా కొనిపించాను. మిగతా పదిహేనింటికీ పిక్కలు లేవు, ఓడ లేదు, ఉత్త డాలర్లు. వ్యాపారంలో ఇంత అవసరం ఉందా అని బ్రోకరు కాగితం అడిగితే, వచ్చే ఏడాది సరుకు కూడా కలిపి ఉందని రాయించింది నేనే. సంతకం అతనిది. పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"నువ్వు సెప్పినావు కాబట్టి సంతకం ఎడతన్నాను బావ" అన్నాడు.

మేనమామ బస్తాను కోసి చూసినవాడు అక్క మొగుడి మాటను కోసి చూడలేదు. మా వైపు ఇంటల్లుణ్ణి ఎగతాళి చేస్తారు, కానీ అతను ఒక మాట గట్టిగా చెబితే కాదనరు. పెళ్లిలో నా కాళ్లు కడిగిన ఇల్లు అది. ఆ మర్యాద నా తెలివికి దక్కిన గౌరవం అనుకున్నాను.

నా ఖాతాలో నేను కూడా కొద్దిగా డాలర్లు కొన్నాను. అతనికి చెప్పాను కూడా, ఇద్దరం ఒకే పడవలో ఉన్నామని.

మొదటి వారం డాలరు ఇంకా పెరిగింది. అతను అయిదు కిలోల గుండు పప్పు డబ్బా పంపించాడు. ఈసారి బద్దల మాట ఎత్తలేదు. మూడో వారానికి యుద్ధం మాట చల్లబడింది. డాలరు ఆగింది, తర్వాత దిగడం మొదలుపెట్టింది. షేర్లలో పతనం ఒక్క దెబ్బతో వస్తుంది, మనిషి మేలుకుంటాడు. ఇది అలా కాదు. రోజుకు అయిదు పైసలు, ఎనిమిది పైసలు, ఒకరోజు నాలుగు పైసలు తిరిగి లేవడం. కుళాయి కారుతున్నట్టు కారింది. అతను రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. నేను రోజూ ఒకటే చెప్పేవాణ్ణి: ఆగు, పడింది లేస్తుంది.

నెలాఖరు దగ్గరపడింది. ఇంకో నెలకు పొడిగించాలి. పరీక్షల రోజులవి. నేను హాల్లో డ్యూటీలో ఉన్నాను. పిల్లలు రాస్తుంటే, నేను ఒక ఖాళీ తెల్లకాగితం తీసుకుని, రోజులు గడవడానికే ఎంత పోతుందో మొదటిసారి లెక్క వేశాను. అర్థమైంది. ఒక్కసారిగా, పూర్తిగా అర్థమైంది. డాలరు మేం కొన్న చోటికి తిరిగి లేచినా మాకు నష్టమే. వరండాలోకి వెళ్లి, ఫోను తీసి, నా డాలర్లు అమ్మేశాను. చిన్న నష్టం. మా ఇంట్లో ఎవరికీ తెలియనంత చిన్నది.

ఆ సాయంత్రం అతని ఫోను వచ్చింది. నేను మా ఇంటి హాల్లో కూర్చుని ఉన్నాను, మా ఆవిడ ఎదురుగా బెండకాయలు కోస్తోంది.

"తీసేద్దామేటి బావ?" అన్నాడు.

"ఇప్పుడు తీసేస్తే నీ అంత వెర్రివాడు ఉండడు" అన్నాను.

ఇదే నేను దాచినది. నావి అమ్ముకుని, అతన్ని ఆగమన్నాను. డబ్బు కోసం కాదు. అతను ఆగితే నాకు పైసా రాదు. తీసేయమని చెబితే, ఆ ఆదివారం నవ్విన నవ్వును వెనక్కి తీసుకోవలసి వస్తుంది. పదో తరగతి తప్పినవాడి ప్రశ్న సరైనదని ఒప్పుకోవలసి వస్తుంది. ఎనిమిది రోజులు రోజూ అతను అడిగాడు, రోజూ నేను ఆగమన్నాను. డాలరు దిగినకొద్దీ ఆ పూచీ సొమ్ము పెంచాలి కాబట్టి, ఎనిమిదో రోజున బ్రోకరు ఇంకా డబ్బు కట్టమన్నాడు. రెండో కంటెయినరు కోసం పెట్టుకున్న డబ్బు అప్పటికే అందులో పోసేశాడు అతను. ఇంక లేదు. బ్రోకరు మొత్తం అమ్మేశాడు.

మొదటి కంటెయినరు పిక్కలు కొట్టడం అయిపోయాక బాయిలరు ఆరిపోయింది. మిగతా నాలుగు కంటెయినర్లనూ అమ్మేవాడు ఇంకెవరికో ఇచ్చేశాడు, ఇచ్చిన బయానా పోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్లకు వెళ్లిపోయారు. మామగారి పెనం నాటినుంచి ఉన్న ఒక ముసలమ్మ మాత్రం మరో నెల రోజులు వచ్చి, ఊరికే గచ్చు తుడిచి వెళ్లేదట.

ఆ తర్వాత ఏటా పెట్టే మామగారి సంవత్సరీకానికి అందరం పలాసలో కలిశాం. పంక్తిలో అతను నా ఎదురుగా కూర్చున్నాడు. మా అత్తగారు వడ్డిస్తూ నా విస్తరి దాటి వెళ్లిపోయింది. మరిచిపోయిందో, కావాలనే దాటిందో తెలియదు. అతను పిలిచాడు.

"అమ్మా, మాస్టారికి బాగా ఎట్టు. మనకి పాఠం సెప్పినాడు. ఖరీదైన పాఠం."

చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకుని తింటున్నారు. నేను ఊరుకోలేదు. దారి చూపించడం వరకే నా పని, దురాశ నీది అన్నాను. నాలుగింతలు కొన్నది నీ సంతకంతోనే కదా అన్నాను. పదో తరగతి పాసయ్యేంత బుర్ర లేనివాడికి చెప్పడం నాదే తప్పు అన్నాను. అతను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టి, నా వైపు చూడకుండా లేచి వెళ్లిపోయాడు. తండ్రి సంవత్సరీకం భోజనం సగంలో వదిలేసి లేచాడు. నేను పెరుగు దాకా తిన్నాను. లేస్తే ఓడినట్టు అవుతుందనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. మా ఆవిడ అన్నం పెట్టేది, గిన్నె చప్పుడు చేసేది. నేను స్టాఫ్‌రూమ్‌లో ఆ కథను ఒక అత్యాశపరుడి కథగా చెప్పాను, నవ్వించాను కూడా. ఏడాది తిరిగేసరికి డాలరు మళ్లీ ఎగిరి, మేం కొన్న రేటు దాటింది. ఆ రోజు నేను ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చూపించాను. చూశావా, నేను చెప్పిన దిక్కు సరైనదే అన్నాను. ఆమె పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"ఈ ఏడాదంతా మా తమ్ముడు ఏటి తిని ఉండాలి?" అంది.

దిక్కు సరైనదే. ఆ దిక్కుకు చేరేలోపు ఎన్నిసార్లు ఆగుతుందో, ఎన్ని అడుగులు వెనక్కి వేస్తుందో, ఆగిన ప్రతి నెలకూ ఎంత కట్టాలో తెలియనివాడికి దిక్కు తెలిసి ఏం లాభం. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను, ఆమెతో అనలేదు.

నన్ను కదిలించింది ఆ ముసలమ్మ. నరసన్నపేట బస్టాండులో శ్రీకాకుళం బస్సు కోసం నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టి, "బావు, మీ బామ్మర్ది మిషన్లు అమ్మేస్తన్నాడు. లచ్చింవారం బేరగాళ్లొస్తారు. షెడ్డు కూడా ఇచ్చేస్తాడట" అంది. ఆమె నన్ను తిట్టలేదు. ఎవరి మూలంగా అమ్ముతున్నాడో ఆమెకు తెలియకపోయి ఉండొచ్చు. తెలిసీ అనలేదేమో. లక్ష్మివారానికి, అంటే గురువారానికి, ఇంకా ఆరు రోజులున్నాయి.

ఇంటికెళ్లి నా షేర్లన్నీ అమ్మకానికి పెట్టాను. అవి బాగానే పెరిగి ఉన్నాయి. యుద్ధం భయంలో పడినవి కూడా నేను ముట్టుకోకుండానే లేచి, పైకి పాకి కూర్చున్నాయి. కాలం నాకు ఇచ్చినది అది. ఒక కంటెయినరు పిక్కలకు సరిపోయి, కొంచెం మిగులుతుంది. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి పలాస బస్సెక్కాను.

అతను గేటు దగ్గరే ఉన్నాడు. లోపల యంత్రాలకు గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. గేటు తీయలేదు. కమ్మీల మధ్యనుంచి, "ఏటి పని మీద వచ్చినావు?" అన్నాడు. బావ అన్న మాట లేదు.

నేను బయటే నిలబడి చెప్పాను. పరీక్ష హాలు, తెల్లకాగితం, వరండా, ఆ సాయంత్రం ఫోను, ఆ తర్వాత ఎనిమిది రోజులు. చెబుతుంటే నా గొంతు క్లాసులో పాఠం చెబుతున్నట్టే ఉంది. అది నాకే వినిపించింది. అతను మధ్యలో అడ్డురాలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ వేళ్లు తెల్లగా ఉన్నాయి. ఏడాదిగా పిక్క కోయని వేళ్లు.

"నీవి అమ్మేసినాక నన్ను ఆగమన్నావు" అన్నాడు.

"అవును."

"ఏల?"

"తీసేయమంటే నువ్వు నవ్వుతావని."

అతను కమ్మీ వదిలేశాడు.

"నవ్వుదును" అన్నాడు. "నవ్వి, తీసేద్దును."

రోడ్డు మీద ఒక లారీ వెళ్లింది. అతని చూపు దాని వెనకే పోయింది. తర్వాత అతను తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "తప్పు నాది కూడా ఉన్నాది. మావ సరుకు కోసినాను. నీది కొయ్యలేదు. ఇంటల్లుడు కదాని."

డబ్బు సంగతి చెప్పాను. లక్ష్మివారం బేరగాళ్లను రావద్దనమని అడిగాను. అతను ఎంత అని అడగలేదు.

"అక్కకి తెలుసా?"

"తెలియదు."

"ఏది తెల్దు? డబ్బా, ఆ ఎనిమిది రోజులా?"

"రెండూ తెలియవు."

"ముందు అక్కకి సెప్పు. ఎనిమిది రోజులూ సెప్పు. ఇని, అక్క తెస్తే తీసుకుంటాను. నీ సేత్తో వొద్దు. మళ్లీ తిరిగి ఇవ్వను, నీకు దండం ఎట్టను. నువ్వు ఈ గేటు లోపలికి రాకు."

వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. మంచినీళ్లు కావాలా అని కూడా అనలేదు. మా వైపు శత్రువునైనా ఆ మాట అడుగుతారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా ఆవిడకు చెప్పాను. విప్పితే మళ్లీ ధైర్యం చాలదేమోనని భయం. ఆమె కూర్చోలేదు, నన్ను కూర్చోమనలేదు. అంతా విన్నాక ఒక్కటే అంది.

"ఆ ఫోన్లన్నీ నా ముందే ఎత్తినావు. బెండకాయలు కోస్తన్నాను నాను."

ఆ రాత్రికీ మర్నాటికీ ఇంక మాట లేదు. బుధవారం ఉదయం చీర మార్చుకుని వచ్చి, డబ్బు తన ఖాతాలోకి మార్చమంది. మార్చాను. తమ్ముడికి తనే పంపుతానంది, కానీ ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని. నేను కూడా బస్సెక్కాను. వద్దనలేదు, పక్క సీట్లో కూర్చోలేదు. టెక్కలి దాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. టెక్కలి దాటాక, వెనక్కి తిరగకుండా, "పిల్లలకి ఆ పాఠం మళ్లీ సెప్పు. తప్పు సెప్పినానని సెప్పు" అంది.

గేటు ఆమెకు తీశాడు. నేను ఎదురుగా టీ దుకాణం బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఆమె బయటికి వచ్చి బస్టాండు వైపు నడిచింది. నేను వెనక నడిచాను. బేరగాళ్లను రావద్దని ఆ మధ్యాహ్నమే ఫోను చేసి చెప్పాడని తర్వాత మా అత్తగారి ద్వారా తెలిసింది.

కాలేజీలో ఆ పాఠం మళ్లీ చెప్పాను. గీత గీతే అని నేను చెప్పింది తప్పు అని చెప్పాను. షేరు వెనక ఏముంది, డాలరు వెనక ఏముంది అని మా బావమరిది ప్రశ్నే బోర్డు మీద రాశాను. ఎవరి ప్రశ్నో చెప్పాను. పదో తరగతి తప్పాడని చెప్పలేదు.

ఈ వేసవిలో మా వైపు తోటల పిక్కలు దిగే రోజుల్లో మా ఆవిడతో మరోసారి వెళ్లాను. ఆమె లోపలికి వెళ్లింది. నేను మళ్లీ ఆ టీ దుకాణం బల్ల మీదే కూర్చున్నాను. షెడ్డు వెనక గొట్టంలోంచి పొగ వస్తోంది. లోపల యంత్రాలు పన్నెండో పదమూడో ఆడుతున్నాయి, పాతిక కాదు. ముసలమ్మ గేటు దాకా వచ్చి చెత్త పోసి వెళ్లింది. గేటు ముందు లారీ ఆగి ఉంది. అతను చెక్కపీట మీద కూర్చుని, గోనె మీద పిక్కలు పోసుకుని, ఒక్కొక్కటే కోస్తున్నాడు. ఒకసారి తలెత్తాడు. రోడ్డుకు ఈవల నేను కనిపించాను. చూశాడు. పిలవలేదు, మొహం తిప్పుకోలేదు కూడా. తర్వాత తల దించి ఇంకో పిక్క తీసుకున్నాడు. అతని వేళ్లు మళ్లీ నల్లబడ్డాయి. దుకాణంవాడు ఇంకో టీ పోయమంటారా అని అడిగాడు. పోయమన్నాను.